గర్భసంచి జారినప్పుడు ఆపరేషన్: ఓపీ చీటీ నుంచి మూడో నెల దాకా ఏం చేయాలి, ఎలా సరిచూసుకోవాలి

"కింద ఏదో తగులుతోంది. గర్భసంచి తీసేయాలంటున్నారు. తీయించుకోమంటారా?" ఉత్తరాంధ్ర నలుమూలల నుంచి విశాఖ ఆస్పత్రులకు వచ్చే ఆడవాళ్లు, వాళ్ల కూతుళ్లు, కోడళ్లు తిప్పి తిప్పి అడిగేది ఇదే. గర్భసంచి తీయడం ఇందులో సగం పని కూడా కాదు. పైనుంచి పట్టి ఉంచే బంధనాలు, కింద ఆనుగా ఉండే కండరాలు సాగిపోయాయి కాబట్టి అది జారింది. సంచి తీసేసి ఆ సాగినవాటిని అలాగే వదిలేస్తే, కొన్నేళ్లకు యోని పైభాగమే తిరగబడి కిందికి దిగవచ్చు. అప్పుడు చేసే రెండో ఆపరేషన్ మొదటిదానికంటే కష్టం. కాబట్టి డాక్టర్ని అడగాల్సిన అసలు ప్రశ్న "తీస్తారా?" అని కాదు, "తీశాక పైన దేనికి కట్టి నిలబెడతారు?" అని.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- పాత కాన్పులు, సిజేరియన్లు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కాగితాలు ఏవి ఉంటే అవి. స్కానింగ్ ఫొటోలు లామినేషన్ చేయించకండి, ఆ వేడికి కాగితం నల్లబడి బొమ్మ పోతుంది. ప్లాస్టిక్ కవర్లో పెడితే చాలు.
- రోజూ వేసుకునే మందుల స్ట్రిప్పులు. పేర్లు గుర్తుపెట్టుకోవడం కాదు, స్ట్రిప్పులే తీసుకెళ్లండి.
- ఆధార్, రేషన్ కార్డు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే పథకం కింద చేయించుకోవాలనుకుంటే, మీకు రాసిన ఆపరేషన్ ఏ ప్యాకేజీలోకి వస్తుందో అడ్మిట్ అయ్యే ముందే ఆస్పత్రిలోని మిత్ర కౌంటర్‌లో అడగండి. రైల్వే, పోర్టు, స్టీల్‌ప్లాంట్ కుటుంబాలవాళ్లు బయట చేయించుకోదలిస్తే రిఫరల్ చీటీ ముందే తీసుకోవాలి.
- నాలుగైదు కాటన్ నైటీలు, పెద్ద సైజు శానిటరీ ప్యాడ్లు, కాళ్ల కింద పెట్టుకోవడానికి చిన్న పీట, మూత్రం కొలవడానికి గీతలున్న అర లీటరు జగ్గు ఒకటి.
- ఇంట్లో నేల లెట్రినే ఉంటే ఒక ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ. సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది.
- కనీసం రెండు వారాలు బిందె, బండ, బట్టలు చూసుకునే మనిషి. ఈ మనిషి కుదరకపోతే ఆపరేషన్ తేదీ వాయిదా వేసుకోవడమే నయం.

1. జారింది ఏదో పేరుతో తెలుసుకోండి

బయటికి కనిపించే ఉండ ఒకేలా ఉన్నా లోపలి సంగతి వేరు. ముందు గోడ వదులైతే మూత్రసంచి దిగుతుంది (సిస్టోసీల్). వెనక గోడ వదులైతే పెద్దపేగు చివరి భాగం ఉబ్బుతుంది (రెక్టోసీల్). మధ్యలోది గర్భసంచి. అదివరకే గర్భసంచి తీయించుకున్నవాళ్లలో యోని పైకప్పు దిగుతుంది, దాన్ని వాల్ట్ ప్రొలాప్స్ అంటారు. చాలామందికి రెండు మూడు కలిసే ఉంటాయి.

పరీక్ష చేసేటప్పుడు డాక్టర్ గట్టిగా ముక్కమంటారు. సిగ్గుపడి సగం ముక్కితే గ్రేడు తక్కువగా నమోదవుతుంది. పడుకుంటే లోపలికి వెళ్లిపోయి సాయంత్రానికి బయటికి వచ్చే రకమైతే ఆ మాట చెప్పండి, నిలబెట్టి కూడా చూడమని అడగండి. చీటీ మీద గ్రేడు లేదా స్టేజి రాయించుకోండి. ద్వారం దాకా రాకుండా లోపలే ఆగితే స్టేజి 1, యోని ద్వారం దగ్గర, ఒక సెంటీమీటరు అటూ ఇటూగా ఉంటే స్టేజి 2, అది దాటి బయటికి వస్తే 3, మొత్తం బయట పడితే 4.

2. ఆపరేషన్ ఇప్పుడే కావాలా చూసుకోండి

స్టేజి 1 అని స్కానింగ్‌లోనో పరీక్షలోనో బయటపడి, మీకు ఏ ఇబ్బందీ లేకపోతే కత్తి అక్కర్లేదు. స్టేజి 1, 2లకు కటి కండరాల వ్యాయామం, అంటే కీగల్స్, ఫిజియోథెరపిస్టు దగ్గర సరిగ్గా నేర్చుకుని కనీసం నాలుగు నెలలు చేయాలి. మూత్రం, గాలి ఆపుకుంటున్నట్టు లోపలికి బిగించి వదలాలి. విడతకు ఎనిమిది సార్లు, రోజుకు మూడు విడతలు. కడుపు బిగుసుకుంటున్నా, ఊపిరి ఆగుతున్నా తప్పుగా చేస్తున్నట్టే.

రెండో దారి రింగు (పెస్సరీ). సరైన సైజు రింగు పెడితే గర్భసంచి పైకి నిలబడుతుంది. పెట్టాక అక్కడే లేచి నడిచి, దగ్గి, మూత్రానికి వెళ్లొచ్చి, జారలేదని తేలాకే ఇంటికి వెళ్లండి. గుండెజబ్బు వల్ల మత్తు ఇవ్వడం కష్టమైనవాళ్లకు, ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లకు, ఆపరేషన్ వాయిదా వేసుకోవాల్సినవాళ్లకు ఇది మంచి సాధనం. పెట్టించుకుని మరిచిపోవడం మాత్రం ప్రమాదం. డాక్టర్ చెప్పిన గడువుకు తీసి, కడిగి, లోపల పుండు పడిందేమో చూడాలి. ఏళ్లకేళ్లు వదిలేస్తే రింగు కండలోకి దిగిపోతుంది.

నడుం నొప్పికి, తెల్లబట్టకి, నీరసానికి ఈ ఆపరేషన్ మందు కాదు. ఆ మూడింటి కోసమే గర్భసంచి తీయించుకున్నవాళ్లు మన ఊళ్లలో వీధికి ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందు వరసలోనే ఉంటుంది. ఉండ తగలడం, బరువుగా లాగడం, మూత్రం పూర్తిగా రాకపోవడం, వేలితో నొక్కితేగానీ విరేచనం కాకపోవడం: ఇవి ఉంటే ఆపరేషన్‌తో మేలు జరుగుతుంది.

3. ఏ ఆపరేషనో తేల్చుకోండి

చీటీ మీద కనిపించే పేర్లు, వాటి అర్థం ఇవీ.

వి.హెచ్. విత్ పి.ఎఫ్.ఆర్.: యోని మార్గంలోనే గర్భసంచి తీసి, ముందు, వెనక గోడలు బిగించి కుట్టడం. పొట్ట మీద కోత ఉండదు. మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే. ఇందులో యోని పైకప్పును పక్కనున్న గట్టి బంధనాలకు కుట్టారా లేదా అన్నదే కీలకం.

సాక్రోస్పైనస్ ఫిక్సేషన్: పైకప్పును కటి వెనక ఉండే గట్టి బంధనానికి, మామూలుగా కుడివైపు, కుట్టడం. ఆ తర్వాత కొన్ని వారాలు కుడి పిర్రలో పోటు ఉంటుంది. అది ముందే తెలిస్తే కంగారుండదు.

సాక్రోకాల్పోపెక్సీ: పొట్టలోంచి, ఎక్కువగా లాప్రోస్కోపీతో, పైకప్పును మెష్ (వలలాంటి సింథటిక్ గుడ్డ) సాయంతో త్రికాస్థికి, అంటే నడుం కింద వెన్నెముక చివరనున్న ఎముకకు కట్టడం. ఎక్కువకాలం నిలుస్తుంది. మత్తు, ఆపరేషన్ సమయం, ఖర్చు కూడా ఎక్కువే.

స్లింగ్ ఆపరేషన్లు: పిల్లలు కావాలనుకునే చిన్న వయసువాళ్లకు గర్భసంచి ఉంచి, టేపుతో పైకి కట్టడం. వీటిలో శిరోద్కర్, పురందరే పేర్లతో ఉన్నవి మన దేశపు డాక్టర్లు రూపొందించినవే.

కాల్పోక్లైసిస్: యోనిని లోపల కుట్టి మూసేయడం. బాగా పెద్ద వయసులో, ఒళ్లు బలహీనంగా ఉన్నవాళ్లకు చిన్న ఆపరేషన్‌తో గట్టి ఫలితం ఇస్తుంది. ఆ తర్వాత సంసారం కుదరదు. ఈ ఒక్క విషయం కొడుకునో అల్లుణ్నో అడిగి నిర్ణయించేది కాదు, ఆమెనే విడిగా కూర్చోబెట్టి అడగాలి. "ఈ వయసులో ఇంకెందుకులే" అని పక్కవాళ్లు తేల్చేయకూడదు.

మెష్ అనగానే భయపడేవాళ్లు చాలామంది. యోని మార్గంలో లోపల పెట్టే మెష్‌ల అమ్మకాన్ని అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 ఏప్రిల్‌లో ఆపించింది. పొట్టలోంచి పెట్టే సాక్రోకాల్పోపెక్సీ మెష్ ఆ ఆదేశంలో లేదు. కాబట్టి "మెష్ వాడతారా, వాడితే ఎటునుంచి పెడతారు?" అని అడిగి జవాబు విన్నాకే సంతకం చేయండి.

ఇంకో ప్రశ్న చాలామంది అడగరు. పెద్దగా జారినప్పుడు మూత్రనాళం మడతపడి ఉంటుంది. దాంతో దగ్గినా మూత్రం కారదు. ఆపరేషన్‌తో మడత విడిపోగానే కారడం మొదలై, "బాగుచేయించుకుంటే కొత్త రోగం తగులుకుంది" అని బాధపడతారు. అందుకే జారినదాన్ని పైకి నెట్టి పట్టుకుని, నిండిన మూత్రసంచితో దగ్గించి చూడమని ముందే అడగండి.

4. ముందు చేయించాల్సిన పరీక్షలు, మానాల్సిన పుండు

రక్తం శాతం, గ్రూపు, షుగర్, క్రియాటినిన్, మూత్ర పరీక్ష, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే మామూలే. పాప్‌స్మియర్ (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష), పొట్ట స్కానింగ్ వదలకండి. మొత్తం బయటికి జారినవాళ్లలో కిడ్నీల నుంచి మూత్రసంచికి వచ్చే నాళాలు వంగి కిడ్నీలు ఉబ్బవచ్చు, కాబట్టి స్కానింగ్‌లో కిడ్నీలూ, మూత్రం పోశాక ఎంత మిగిలిందో కూడా చూడాలి. ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడి ఉంటే ముక్క పరీక్ష (బయాప్సీ) చేయకుండా ఆపరేషన్‌కి తొందరపడకూడదు.

చాలాకాలం బయట ఉండి బట్టకు రాసుకోవడంతో జారిన భాగం మీద పుండు పడుతుంది. దాని మీద కుడితే కుట్లు నిలవవు. లోపలికి నెట్టి, డాక్టర్ చెప్పిన మందులో తడిపిన గుడ్డ ఆనుగా పెట్టి, అవసరమైతే ఈస్ట్రోజెన్ క్రీము రాసి మాన్పాలి. రెండు మూడు వారాలు పట్టవచ్చు. అన్నీ చేసినా మానని పుండుకు ముక్క పరీక్ష తప్పనిసరి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు క్రీము మొదలుపెట్టే ముందే ఆ మాట చెప్పాలి. పసుపు, కొబ్బరినూనె, ఆకు పసర్లు మాత్రం ఆ పుండు జోలికి రానీయకండి.

దగ్గు తగ్గకుండా ఆపరేషన్ పెట్టుకుంటే కష్టం. ప్రతి దగ్గూ కుట్ల మీద పడుతుంది. తీరంలో పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఇంకా ఉంది. చుట్ట నిప్పు లోపలికి పెట్టుకున్నా, బయటికి పెట్టుకున్నా ఊపిరితిత్తులకు తేడా లేదు. కనీసం నాలుగు వారాల ముందు మానాలి. డాక్టర్ దగ్గర దాచకండి.

రక్తం పలచబడే మాత్రలు (ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి) మీ అంతట మీరు ఆపొద్దు, చెప్పకుండా వేసుకోనూ వద్దు. గుండె డాక్టర్, ఆపరేషన్ డాక్టర్ కలిసి తేల్చాలి.

5. ముందు రోజు, ఆ ఉదయం

రాత్రి తేలికగా తినండి. ఆపరేషన్‌కి ఆరు గంటల ముందు నుంచి తిండి, పాలు, టీ బంద్. మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా మామూలుగా అనుమతిస్తారు, మీ ఆస్పత్రిలో ఏమంటే అది. బీపీ మాత్రలో ఏది వేయాలి, షుగర్ మాత్ర, ఇన్సులిన్ ఏది ఆపాలి అన్నది మత్తు డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా విని ఇంటికొచ్చాక ఇద్దరు రెండు రకాలుగా చెబుతారు.

ఇంట్లో బ్లేడుతో షేవింగ్ చేయకండి. కనబడని గాట్ల నుంచి చీము పడుతుంది. అవసరమైతే ఆస్పత్రిలోనే క్లిప్పర్‌తో తీస్తారు. గాజులు, మెట్టెలు, కట్టుడు పళ్లు, గోళ్ల రంగు తీసేయండి.

6. ఆస్పత్రిలో మూడు నాలుగు రోజులు

ఎక్కువమందికి నడుముకి మత్తు సూది ఇస్తారు. యోనిలో రక్తం ఆగడానికి పొడవాటి గుడ్డ ప్యాక్ పెట్టి, మర్నాడు తీస్తారు. తీశారా లేదా మీరే అడగండి. మొహమాటపడొద్దు, మరిచిపోయిన సందర్భాలు లేకపోలేదు. కాళ్లకు స్పర్శ రాగానే పాదాలు పైకీ కిందికీ ఆడించాలి, నర్సు చెప్పగానే లేచి నడవాలి. "కదిలితే కుట్లు తెగుతాయి" అని మంచానికి అంటిపెట్టుకుంటే పిక్కల్లో రక్తం గడ్డకడుతుంది.

7. యూరిన్ ట్యూబ్ తీశాక

అందరూ కంగారుపడేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

మామూలుగా ఒకటి రెండు రోజులకు ట్యూబ్ తీస్తారు. తీశాక గంటకు ఒక గ్లాసు చొప్పున నీళ్లు తాగండి. "త్వరగా రావాలి" అని లీటరున్నర ఒక్కసారి తాగితే, వాచి ఉన్న మూత్రసంచి సాగిపోయి ఇంకా మొండికేస్తుంది. నాలుగు నుంచి ఆరు గంటల్లోపు వెళ్లాలి. కుర్చీ కమోడ్ మీద కుదురుగా కూర్చుని, ముందుకు వంగి, ముక్కకుండా వదలండి. జగ్గులో పట్టి కొలవండి. అయిపోయాక లేచి ఒక నిమిషం నడిచి మళ్లీ కూర్చుంటే ఇంకొంత వస్తుంది. ఆ వెంటనే స్కానింగ్ చేసి మిగిలింది ఎంతో చూస్తారు. మిగిలింది 100-150 మి.లీ. లోపుంటే బాగున్నట్టు.

కొంచెం కొంచెంగా, 50 మి.లీ. చొప్పున పది సార్లు వస్తుంటే అది బాగా వస్తున్నట్టు కాదు, నిండి పొంగుతున్నట్టు. "వస్తోందిగా" అని ఇంటికి పంపమనకండి, స్కానింగ్ చేయమనండి. మూత్రం రాకపోతే ట్యూబ్ మళ్లీ పెట్టి కొన్ని రోజులు ఉంచుతారు. ముందు గోడ కుట్టినవాళ్లలో ఇది మామూలే. ఆపరేషన్ పాడైందని అర్థం కాదు.

ట్యూబ్‌తో ఇంటికి వెళితే మూత్రం పట్టే బ్యాగు ఎప్పుడూ నడుం కిందే ఉండాలి, నేల మీద మాత్రం పెట్టకూడదు. ఆటోలో ఒళ్లో పెట్టుకుంటే మూత్రం వెనక్కి పోతుంది.

8. ఇంటికి ప్రయాణం

శ్రీకాకుళం వైపో, పాడేరు ఘాట్ మీదుగానో వెళ్లేవాళ్లు డిశ్చార్జి అయిన సాయంత్రమే బస్సెక్కకండి. దగ్గర్లో బంధువులుంటే ఒకటి రెండు రోజులు ఆగండి. కారు దొరికితే వెనక సీట్లో, కింద మెత్తటి దిండు వేసుకుని, గంటకోసారి దిగి నాలుగడుగులు వేయండి. కొండవాలు ఇళ్లవాళ్లు మెట్లు ఎక్కవచ్చు, తొందరేం లేకుండా. చేతిలో సామాను మాత్రం వద్దు.

9. మొదటి ఆరు వారాలు

బరువు: రెండు లీటర్ల నీళ్ల సీసాను మించి ఏదీ ఎత్తొద్దు. నిండు బిందె పన్నెండు, పదిహేను కిలోలుంటుంది. గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే ముప్ఫైకి దగ్గర. 20 లీటర్ల మినరల్ వాటర్ క్యాన్ పక్కకు జరపడం కూడా బరువే. మనవణ్ని ఎత్తుకోకండి, కూర్చున్నాక ఒళ్లో పెట్టించుకోండి. ఆరు వారాలు దాటాక పన్నెండో వారం దాకా ఐదు కిలోల లోపే. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగేవాళ్లకు మూడు నెలల తర్వాత కూడా పాత బరువు వద్దనే చెప్పాలి. చక్రాల బండి, లేదా ఎత్తి దింపే తోడు మనిషి, ఏదో ఒకటి ఆపరేషన్‌కి ముందే చూసుకోవాలి.

పథ్యం: ఆపరేషన్ చేస్తే నీళ్లు తక్కువ తాగాలని, కూరలు వద్దని, కారప్పొడి అన్నం పెట్టడం మన ఇళ్లలో ఇంకా ఉంది. ఈ ఆపరేషన్‌కి ఇంతకంటే చెరుపు లేదు. విరేచనం గట్టిపడితే ముక్కుతారు, ముక్కితే వెనక గోడ కుట్లు లాగుతాయి. రోజుకు రెండు లీటర్ల నీళ్లు (గుండె, కిడ్నీ జబ్బు లేకపోతే), ఆకుకూర, బొప్పాయి, మజ్జిగ. రాత్రి డాక్టర్ రాసిన లాక్టులోజ్ (విరేచనం మెత్తబరిచే మందు). ఇసబ్గోల్ అయితే నిండా గ్లాసు నీళ్లతోనే, తక్కువ నీళ్లతో వేసుకుంటే ఎదురు తిరుగుతుంది. కమోడ్ మీద కూర్చుని పాదాల కింద పీట పెట్టి ముందుకు వంగండి. దగ్గు, తుమ్ము వస్తే ప్యాడ్ మీదుగా అరచేత్తో కింద అదిమిపట్టండి.

నడికట్టు: యోని మార్గంలో చేసిన ఆపరేషన్‌కి దీంతో పని లేదు. గట్టిగా బిగిస్తే ఒత్తిడి కిందికే పోతుంది.

స్నానం రోజూ చేయండి, నీళ్లు పోసుకుని మెత్తగా ఆరబెట్టుకుంటే సరిపోతుంది. లోపలికి డెట్టాల్ నీళ్లు కొట్టకండి. సంసారం ఆరు వారాల చెకప్ అయ్యాకే. ముట్లు ఆగినవాళ్లకు అప్పుడు కూడా పొడిగా అనిపిస్తే క్రీము రాయించుకోవచ్చు.

గోధుమ, పసుపు రంగు స్రావం నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటుంది. మధ్యలో దారం ముక్కలు రాలతాయి. అవి కరిగే కుట్లు, లాగకండి.

10. ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాల్సినవి

గంటకో ప్యాడ్ తడిసే ఎర్రటి రక్తం (మొదటి వారం దాటాక, రెండో వారంలో కూడా రావచ్చు). 100.4 డిగ్రీలు దాటిన జ్వరం. కుళ్లు వాసన. ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం. తెలియకుండానే యోనిలోంచి నీళ్లలా ఎడతెగకుండా కారడం. పొట్ట ఉబ్బి వాంతులు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు. చివరి రెండింటికీ ఆటో వెతకకండి, 108కి ఫోన్ చేయండి.

11. బాగైందో లేదో సరిచూసుకోవడం

మొదటి నెలలో అద్దం పెట్టి చూసి "మళ్లీ వచ్చేసింది" అని ఏడ్చేవాళ్లే ఎక్కువ. అది వాపు, కుట్ల గట్టు. ఆరు వారాల లోపు చూసి తేల్చకండి, వేలు పెట్టి అసలు చూడకండి.

ఆరో వారం చెకప్‌కి ముందు రోజు సాయంత్రం, పొద్దుటి నుంచి తిరిగాక, ఇవి రాసుకోండి: నిలబడితే ఉండ తగులుతోందా? మూత్రం ఒక్క విడతలో అవుతోందా? వేలితో నొక్కకుండా విరేచనం అవుతోందా? దగ్గితే కారుతోందా? పిర్ర పోటు తగ్గుతోందా? పరీక్షలో మళ్లీ గట్టిగా ముక్కండి. మొదటి రెండు ప్రశ్నల జవాబులు బాగుంటే, కొంచెం కారడం ఉన్నా కీగల్స్‌తో మూడు నెలలు చూడవచ్చు. తగ్గకపోతే దానికి వేరే చికిత్స ఉంది.

పది మందిలో ముగ్గురి దాకా ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక భాగం మళ్లీ జారవచ్చు, ఎక్కువగా ముందు గోడ. మళ్లీ జారినంత మాత్రాన మళ్లీ ఆపరేషన్ అని కాదు. ఇబ్బంది లేకపోతే చూస్తూ ఉండవచ్చు, రింగు పెట్టించుకోవచ్చు. అప్పుడు కొత్త డాక్టర్ మొదట అడిగేది పాత ఆపరేషన్‌లో దేన్ని దేనికి కట్టారు, మెష్ ఉందా అని. డిశ్చార్జి కాగితంలో ఒక్కోసారి ఆపరేషన్ పేరు మాత్రమే ఉంటుంది. అందుకని ఇంటికొచ్చే రోజే ఆపరేషన్ నోట్సు జిరాక్సు, మెష్ పెట్టి ఉంటే దాని స్టిక్కరు అడిగి తెచ్చుకుని, ఒక ఫొటో కూతురి ఫోన్లో కూడా పెట్టించండి.